కారు టైర్ల ఎంపిక: ఎక్కువ ధర ఎవరికి గిట్టుబాటు, ఎవరికి కాదు

టైర్లు మార్చుకోవలసిన రోజు వచ్చినప్పుడు కారు యజమానుల్లో చాలామంది ఒకే చిక్కులో పడతారు. ఒకే కొలతలో నాలుగైదు రకాల టైర్లు ఎదురుగా ఉంటాయి; అన్నీ నల్లగా, గుండ్రంగా, ఇంచుమించు ఒకే పోలికతో కనిపిస్తాయి; ధరల్లో మాత్రం ఒకదానికీ మరొకదానికీ రెట్టింపు దాకా తేడా ఉంటుంది. చాలా వస్తువుల్లో ధర పెరిగితే ఏం పెరిగిందో కంటికి కనబడుతుంది. టైరు విషయంలో ఆ తేడా బయటపడేది వానలో గట్టిగా బ్రేకు తొక్కిన రెండు మూడు సెకన్లలోనే కాబట్టి, కొనే సమయంలో చవకైన దానివైపు మనసు మొగ్గడం సహజం.

మంచి టైరుకు పెట్టిన డబ్బు చాలామందికి తిరిగి వస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. అయితే మంచి టైరు అంటే అన్నిటికన్నా ఖరీదైన టైరు అని అర్థం చేసుకోకూడదు. సంవత్సరానికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, ఎంత వేగంతో వెళతారు, వానలో ఎంత నడుపుతారు, కారును ఇంకా ఎన్నాళ్లు ఉంచుకుంటారు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులను బట్టి సరైన ఎంపిక మారిపోతుంది. అందుకే ముందు దేనితో కొలవాలో తేల్చుకుని, తర్వాత ఒక్కో రకాన్ని ఆ కొలతలతో పరిశీలిద్దాం.

అన్నిటికన్నా ముందు: తడి రోడ్డు మీద ఆగే దూరం

కారు బరువంతా రోడ్డును తాకేది నాలుగు చోట్ల మాత్రమే. ఆ ఒక్కో చోటు ఇంచుమించు మనిషి అరచేయి అంత ఉంటుంది. బ్రేకులు చక్రాన్ని పట్టి ఆపుతాయి. కారును ఆపే పని ఆ నాలుగు అరచేతులది. గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ వంటి పరికరాలు టైరుకు ఉన్న పట్టును పూర్తిగా వాడుకోవడానికి సాయపడతాయే తప్ప, లేని పట్టును పుట్టించలేవు.

ఒక టైరుకూ మరొక టైరుకూ ఆగే దూరంలో 10 శాతం తేడా ఉందంటే వినడానికి చిన్న విషయంగానే అనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే అది ఎంత పెద్దదో తెలుస్తుంది. గంటకు 100 కి.మీ. వేగంతో వెళుతున్న రెండు కార్లు ఒకే చోట బ్రేకు వేశాయనుకుందాం. మొదటిది 50 మీటర్లలో ఆగింది. రెండోదానికి 55 మీటర్లు పట్టింది. మొదటి కారు పూర్తిగా నిలిచిపోయిన ఆ 50 మీటర్ల గుర్తు దగ్గర, రెండో కారు ఇంకా గంటకు దాదాపు 30 కి.మీ. వేగంతో కదులుతూ ఉంటుంది. రెండో కారుకు 60 మీటర్లు పట్టే మాటైతే, అదే గుర్తు దగ్గర దాని వేగం గంటకు సుమారు 41 కి.మీ. వేగం వర్గాన్ని బట్టి శక్తి పెరుగుతుంది కనుక, బ్రేకు వేసినప్పుడు వేగంలో ఎక్కువ భాగం చివరి మీటర్లలోనే తగ్గుతుంది. ముందున్న బండి వెనకభాగం ఆ చివరి మీటర్లలోనే ఉందనుకుంటే, 5 మీటర్ల తేడా అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

పొడి రోడ్డు మీద టైర్ల మధ్య ఈ తేడా ఉన్నా తక్కువగానే ఉంటుంది. రోడ్డు తడిసినప్పుడు అది బాగా విడిపోతుంది. యూరోపియన్ యూనియన్‌లో టైర్ల మీద శ్రేణి చీటీలు అంటించడం 2012 నవంబరులో మొదలైంది. ఆ తొలి పద్ధతిలో తడి పట్టుకు అత్యుత్తమమైన ‘ఏ’ శ్రేణి టైర్లకూ, అట్టడుగున ఉన్న ‘ఎఫ్’ శ్రేణి టైర్లకూ గంటకు 80 కి.మీ. వేగం నుంచి ఆగడంలో 18 మీటర్ల దాకా తేడా ఉండవచ్చని లెక్క వేశారు. అది నాలుగైదు కార్లు వరుసగా నిలబడేంత దూరం.

కొత్తప్పటి పట్టు కాదు, సగం అరిగినప్పటి పట్టు

ఎంపికలో ఎక్కువమంది మరిచిపోయే విషయం ఇదే. కొత్త కారు టైరు మీద గాడుల లోతు సాధారణంగా 8 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. చాలా దేశాల్లో చట్టం అనుమతించే కనీస లోతు 1.6 మి.మీ. గాడుల అడుగున అక్కడక్కడా అడ్డంగా కనిపించే చిన్న గట్లు ఆ 1.6 మి.మీ. గుర్తులే, ట్రెడ్ (రోడ్డును తాకే గాడుల పొర) అరిగి వాటితో సమానమైతే టైరు పని అయిపోయినట్టు.

గాడుల పని రోడ్డు మీది నీటిని పక్కకు తోసి, రబ్బరు రోడ్డును నేరుగా తాకేలా చేయడం. లోతు తగ్గినకొద్దీ అవి తోయగలిగే నీరు తగ్గుతుంది. వేగం పెరిగినకొద్దీ తోయవలసిన నీరు పెరుగుతుంది. ఒక దశ దాటాక టైరు నీటి పొర మీదికి ఎక్కి తేలిపోతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా కారు పట్టించుకోదు. అందువల్లే చట్టం 1.6 మి.మీ. దాకా వెళ్లనిచ్చినా, వానలో నడిపేవారు 3 మి.మీ. దగ్గరే టైరు మార్చుకోవడం మంచిదని అనుభవజ్ఞులు చెబుతారు. ఈ వ్యాసంలోని లెక్కలన్నిటికీ నేను ఆ 3 మి.మీ.నే హద్దుగా పెట్టుకున్నాను. అంటే 8 మి.మీ.తో మొదలైన టైరులో మనం వాడుకునేది 5 మి.మీ. రబ్బరు.

మంచి సంస్థలు గాడుల ఆకారాన్ని అడుగుదాకా వెడల్పుగా ఉంచడానికీ, సన్నని చీలికలు అరుగుదలతోపాటే మాయం కాకుండా చూడడానికీ, లోపలి పొరల్లో కూడా రబ్బరు మెత్తదనం నిలవడానికీ శ్రమ పడతాయి. తక్కువ ఖర్చులో తయారయ్యే టైర్లలో ముందుగా కోత పడేది ఇలాంటి చోట్లనే. కొత్తగా ఉన్నప్పుడు రెండూ దగ్గరదగ్గరగా ఆగినా, 25 వేల కి.మీ. తర్వాత వాటి దారులు వేరవుతాయి. ఈ సంగతిని నియమాలు కూడా ఆలస్యంగానే గుర్తించాయి: యూరోపియన్ యూనియన్‌లో కొత్తగా ఆమోదం కోరే కారు టైర్ల రకాలకు 2024 జూలై నుంచి అరిగిన స్థితిలో తడి పట్టు పరీక్ష తప్పనిసరి అయింది. అంతకుముందు పరీక్షించినది కొత్త టైరును మాత్రమే.

కిలోమీటరుకు పడే ఖర్చు

టైరు ధరను బిల్లు మీద చూస్తే ఒకలా, కిలోమీటర్ల మీద పంచి చూస్తే మరోలా ఉంటుంది. లెక్క ఎలా వేయాలో చూపడానికి కొన్ని అంకెలు అనుకుందాం. చవకైన టైరు ధర 100, మంచి టైరు ధర 150. మొదటిది 6 వేల కి.మీ.కు ఒక మిల్లీమీటరు చొప్పున, రెండోది 10 వేల కి.మీ.కు ఒక మిల్లీమీటరు చొప్పున అరుగుతాయి. 5 మి.మీ. వాడుకుంటే మొదటిది 30 వేల కి.మీ., రెండోది 50 వేల కి.మీ. వస్తాయి. 10 వేల కి.మీ.కు మొదటిదాని ఖర్చు 33, రెండోదాని ఖర్చు 30. టైరు మార్చిన ప్రతిసారీ బిగింపు, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ కలిపి టైరుకు మరో 10 పడుతుందనుకుంటే ఈ అంకెలు 37, 32 అవుతాయి. ధర సగం ఎక్కువైనా చివరికి మంచి టైరే చవక అయింది.

ఇదే లెక్క ఎప్పుడు తిరగబడుతుందో కూడా చూడాలి. సంవత్సరానికి 5 వేల కి.మీ. మాత్రమే తిరిగే వ్యక్తికి ఆ 50 వేల కి.మీ. పూర్తి కావడానికి పదేళ్లు పడుతుంది. రబ్బరు వాడినా వాడకపోయినా ముదురుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండ, వేడి దాన్ని గట్టిపరుస్తాయి. వాడకంలో ఐదేళ్లు నిండిన టైరును ఏటా నిపుణునికి చూపించాలనీ, పదేళ్లు దాటిన దాన్ని లోతు ఎంత ఉన్నా తీసేయాలనీ పేరున్న తయారీ సంస్థలే సూచిస్తాయి. కొన్ని కారు కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి. కనుక తక్కువ తిరిగేవారికి దీర్ఘాయువు మీద పెట్టిన డబ్బులో కొంత అనుభవంలోకి రాకుండానే పోతుంది. అలాంటివారు ఆయుష్షును పక్కన పెట్టి తడి పట్టు ఒక్కదాన్నే చూసి కొనడం మేలు.

ఇంధనం, చప్పుడు, దృఢత్వం

టైరు తిరిగేటప్పుడు రోడ్డును తాకే చోట అణిగి, మళ్లీ లేస్తుంది. అలా అణిగి లేచే ప్రతిసారీ కొంత శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. కారు వాడే ఇంధనంలో సుమారు ఐదో వంతు ఈ పనికే పోతుంది. ఈ దొర్లుడు నిరోధాన్ని 10 శాతం తగ్గించగలిగితే ఇంధనంలో ఒకటి రెండు శాతం మిగులుతుంది. ఎక్కువ తిరిగేవారికి అది లెక్కలోకి వచ్చే మొత్తమే, కానీ దానికోసం తడి పట్టును వదులుకోవడం నాకు సమ్మతం కాదు.

చప్పుడు, కుదుపు అనేవి ఎవరికి వారు నిర్ణయించుకోవలసిన విషయాలు. సైడ్‌వాల్ (టైరు పక్కభాగం) దృఢత్వం మాత్రం గుంతల రోడ్ల మీద తిరిగేవారికి ముఖ్యం. గుంత అంచుకు గట్టిగా తగిలినప్పుడు లోపలి దారాలు తెగి, పక్కన కోడిగుడ్డులా ఉబ్బు వస్తే ఆ టైరుకు మరమ్మతు లేదు.

ఇవన్నీ ఒకే టైరులో ఎందుకు దొరకవు

టైరు తయారీదారులు చాలాకాలంగా ఒక త్రికోణంతో పోరాడుతున్నారు. తడి పట్టు, ఆయుష్షు, తక్కువ దొర్లుడు నిరోధం అనే మూడు కొనల్లో ఒకదాన్ని లాగితే మిగిలినవి లోపలికి ముడుచుకుంటాయి. రబ్బరును మెత్తగా చేస్తే పట్టు పెరుగుతుంది, త్వరగా అరుగుతుంది. గట్టిగా చేస్తే ఎక్కువకాలం వస్తుంది, తడిలో జారుతుంది.

1990ల మొదట్లో ఈ పోరాటంలో ఒక మలుపు వచ్చింది. అప్పటిదాకా రబ్బరును బలపరచడానికి కలిపే నల్లని కర్బన పొడికి బదులు ఎక్కువ భాగం సిలికాను కలిపిన మిశ్రమాలు కారు టైర్లలోకి వచ్చాయి. మిషెలిన్ సంస్థ 1992లో ఇలాంటి టైర్లను ప్రవేశపెట్టింది. దీని గుట్టు ఇది: టైరు దొర్లేటప్పుడు రబ్బరు సెకనుకు పది పదిహేను సార్లు అణిగి లేస్తుంది, రోడ్డులోని గరుకు రేణువుల మీద జారబోయేటప్పుడు మాత్రం అదే రబ్బరు సెకనుకు వేలాది సార్లు అదురుతుంది. మొదటి రకం కదలికలో శక్తి తక్కువ పోవాలి, రెండో రకంలో ఎక్కువ పోవాలి. సరైన పద్ధతిలో కలిపిన సిలికా ఈ రెండు కోరికలనూ చాలావరకు ఒకేసారి తీరుస్తుంది. కానీ సిలికా రబ్బరుతో సులభంగా కలవదు. దానికి ప్రత్యేకమైన బంధక రసాయనాలు, నిదానంగా అదుపులో కలిపే యంత్రాలు, పరిశోధన కావాలి. మంచి టైరుకు మనం చెల్లించే అదనపు ధరలో పెద్ద భాగం ఇక్కడికే వెళుతుంది. పేరుకు చెల్లించేది కూడా కొంత ఉంటుంది, దాన్ని కాదనను.

బేరం కుదరని నాలుగు అంశాలు

ఏ శ్రేణి టైరైనా ముందు కారుకు సరిపోవాలి. ఉదాహరణకు టైరు పక్కన 205/55 ఆర్16 91వి అని ఉంటే, వెడల్పు 205 మి.మీ., పక్కభాగం ఎత్తు ఆ వెడల్పులో 55 శాతం, నిర్మాణం రేడియల్, రిమ్ము 16 అంగుళాలు అని అర్థం. 91 అనే భారసంఖ్య ఆ టైరు 615 కిలోలు మోయగలదని చెబుతుంది. చివరి అక్షరం వేగానికి గుర్తు: ‘టి’ అంటే గంటకు 190 కి.మీ., ‘హెచ్’ అంటే 210, ‘వి’ అంటే 240. కారు తయారీదారు సూచించిన భారసంఖ్యకన్నా తక్కువ ఉన్నదాన్ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదు.

నాలుగో అంశం పుట్టిన తేదీ. సైడ్‌వాల్ మీద డీఓటీ అనే గుర్తుతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 3524 అని ఉంటే ఆ టైరు 2024 సంవత్సరం 35వ వారంలో తయారైందని అర్థం. చల్లని నీడలో సరిగా నిల్వ చేసిన టైరు ఏడాది పాతదైనా భయపడనక్కరలేదు. మూడు నాలుగేళ్లు గడిచినదాన్ని కొత్త ధరకు కొనడం మాత్రం నష్టమే.

నాలుగు మార్గాలు

| కొలత | వాడిన టైరు | అతి చవక కొత్త టైరు | మధ్య శ్రేణి | పై శ్రేణి |
|---|---|---|---|---|
| తడిలో ఆగడం | చెప్పలేం | బలహీనం కావచ్చు | బాగుంటుంది | చాలా బాగుంటుంది |
| సగం అరిగాక పట్టు | ఇప్పటికే ఆ స్థితి | త్వరగా తగ్గుతుంది | రకాన్ని బట్టి | ఎక్కువగా నిలుస్తుంది |
| ఆయుష్షు | చాలా తక్కువ | తక్కువ నుంచి మధ్యస్థం | మధ్యస్థం నుంచి ఎక్కువ | సాధారణ రకాల్లో ఎక్కువ, క్రీడా రకాల్లో తక్కువ |
| ఇంధన పొదుపు | చెప్పలేం | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ |
| కొనేనాటి ధర | అతి తక్కువ | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ |

*వాడిన టైరు.* ఈ మార్గం ఎవరికీ సూచించలేను. దాని గతం తెలియదు: గాలి తక్కువగా ఉండగా ఎంత దూరం నడిపారో, ఏ గుంతలో పడిందో, లోపల ఎన్ని అతుకులు ఉన్నాయో బయటినుంచి చూసి చెప్పడం కష్టం. లెక్క ప్రకారం కూడా ఇది గిట్టుబాటు కాదు. 4 మి.మీ. లోతు మిగిలిన టైరును 3 మి.మీ. దాకా వాడుకుంటే మనకు దక్కేది ఒక్క మిల్లీమీటరు, అంటే కొత్త టైరు ఇచ్చే ఐదింటిలో ఒక్కటి. కొత్తదాని ధరలో ఐదో వంతుకన్నా ఎక్కువ చెల్లిస్తే నష్టపోయినట్టే, పైగా ఆ ఒక్క మిల్లీమీటరూ పట్టు తక్కువగా ఉండే దశలోనిదే.

*అతి చవక కొత్త టైరు.* పట్టణ వీధుల్లో నెమ్మదిగా, ఎక్కువగా పొడి రోడ్ల మీద తిరిగే చిన్న కారుకు ఇవి పని చేస్తాయి. వాడిన టైరుకన్నా ఇవి నయం. అయితే ఈ శ్రేణిలో నాణ్యత ఒక రకం నుంచి మరో రకానికి చాలా మారుతుంది; ఒకటి ఫరవాలేదనిపిస్తే, అదే ధరలో ఉన్న మరొకటి తడిలో భయపెడుతుంది. తడి పట్టు శ్రేణి రాసి ఉండని టైరును ఈ ధరలో కొనవలసి వస్తే, మరికొంత కూడబెట్టుకుని మధ్య శ్రేణికి వెళ్లడమే నా సలహా.

*మధ్య శ్రేణి.* ఎక్కువమందికి సరైన చోటు ఇదేనని నా అంచనా. పెద్ద సంస్థల రెండో పేర్లు చాలావరకు ఇక్కడే ఉంటాయి. బ్రిడ్జ్‌స్టోన్ 1988లో ఫైర్‌స్టోన్‌ను, కాంటినెంటల్ 1987లో జనరల్ టైర్‌ను కొనుగోలు చేశాయి. ఇలాంటి పేర్లతో వచ్చే టైర్లు మాతృసంస్థ అనుభవం నుంచి, కొన్నిసార్లు దాని పాత నమూనాల నుంచి లబ్ధి పొందుతాయి. పై శ్రేణితో పోలిస్తే తడిలో కొద్ది మీటర్లు, ఆయుష్షులో కొన్ని వేల కిలోమీటర్లు తగ్గవచ్చు. అట్టడుగు శ్రేణి నుంచి ఇక్కడికి ఎక్కితే వచ్చే లాభం, ఇక్కడినుంచి పై శ్రేణికి ఎక్కితే వచ్చే లాభం కన్నా సాధారణంగా ఎక్కువ. డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు గుర్తుంచుకోవలసిన మాట ఇది.

*పై శ్రేణి.* మిషెలిన్, కాంటినెంటల్, బ్రిడ్జ్‌స్టోన్, గుడ్‌ఇయర్, పిరెల్లి వంటి సంస్థల ప్రధాన రకాలు ఇందులోకి వస్తాయి. ఇక్కడ జరిగే పొరపాటు పేరు చూసి రకాన్ని మరిచిపోవడం. ఒకే సంస్థ దీర్ఘప్రయాణాల కోసం ఒక రకం, ఇంధన పొదుపు కోసం ఒక రకం, వేగంగా మలుపులు తిరిగే కార్లకోసం మరో రకం తయారు చేస్తుంది. ఈ చివరిదాన్ని రోజూ కార్యాలయానికి వెళ్లే కారుకు వేసుకుంటే ఎక్కువ ధర చెల్లించి తక్కువ ఆయుష్షు కొనుక్కున్నట్టు అవుతుంది.

మీరు ఏ కోవకు చెందుతారు

*సంవత్సరానికి 20 వేల కి.మీ.కు మించి, ఎక్కువగా పెద్ద రహదారుల మీద తిరిగేవారు.* పై శ్రేణిలోని దీర్ఘప్రయాణ రకాలు మీకోసమే తయారయ్యాయి. అధిక వేగం వల్ల తడి పట్టు, ఎక్కువ దూరం వల్ల ఆయుష్షు, ఇంధనం మూడూ మీకు లెక్కలోకి వస్తాయి. అదనపు ధర మొత్తంగా గాని, చాలావరకు గాని తిరిగి వస్తుంది.

*సంవత్సరానికి 5 నుంచి 8 వేల కి.మీ. తిరిగేవారు.* మధ్య శ్రేణిలో తడి పట్టు బాగున్న రకాన్ని, తయారీ తేదీ వీలైనంత దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోండి. మీ టైర్లు అరుగుదల కన్నా ముందు వయసు వల్ల మార్చవలసి రావచ్చు కాబట్టి, కొన్నప్పుడే ఏడాది పాతదైతే ఆ ఏడాది మీ వాటాలోంచి పోయినట్టే.

*విద్యుత్ కారు ఉన్నవారు.* బ్యాటరీ వల్ల ఈ కార్లు బరువుగా ఉంటాయి, పెడల్ నొక్కగానే పూర్తి బలం చక్రాలకు అందుతుంది. అందుకే టైర్లు త్వరగా అరుగుతాయి. ఎక్కువ బరువు మోసే ఎక్స్‌ఎల్ గుర్తున్న టైరును కారు కంపెనీ సూచించి ఉంటే దాన్ని తప్పనిసరిగా పాటించాలి. దొర్లుడు నిరోధం తగ్గితే ఒక్క చార్జింగుతో వెళ్లే దూరం నేరుగా పెరుగుతుంది. ఇంజిను చప్పుడు లేకపోవడం వల్ల టైరు హోరు ఎక్కువగా వినిపిస్తుంది. నాసిరకం టైరు తేడా అన్నిటికన్నా త్వరగా తెలిసేది ఈ కార్లలోనే.

*చలి ప్రాంతాల్లో నడిపేవారు.* ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే వేసవి టైర్ల రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. అక్కడ ఖరీదైన వేసవి టైరు కన్నా సాధారణమైన శీతాకాలపు టైరే నయం. అన్ని కాలాలకూ ఒకటే సెట్టు కావాలంటే మూడు శిఖరాల కొండ మధ్య మంచు రేకు బొమ్మ ఉన్నదాన్ని చూడండి. ఆ గుర్తు మంచు మీద పరీక్షించాకే ఇస్తారు. ‘ఎం+ఎస్’ అనే అక్షరాలు తయారీదారు తనంతట తాను వేసుకునేవి, వాటికి పరీక్ష అవసరం లేదు.

*త్వరలో కారు అమ్మేయబోయేవారు.* మధ్య శ్రేణితో ఆగవచ్చు, పై శ్రేణికి పెట్టిన డబ్బు అమ్మకం ధరలో తిరిగి రావడం అరుదు. అయితే అమ్మేలోపు ఒక్క వానకాలం గడిచినా ఆ వానలో కారులో కూర్చునేది మీ కుటుంబమే కనుక, అట్టడుగు శ్రేణికి దిగవద్దని కోరుతున్నాను.

*ప్రస్తుతానికి రెండు టైర్లకే స్తోమత ఉన్నవారు.* నాలుగు నాసిరకం టైర్లకన్నా ఇప్పుడు రెండు మంచివి, కొన్నాళ్లకు మరో రెండు కొనడం మేలు. ఒకే ఇరుసు మీద రెండూ ఒకే రకానివి ఉండాలి. కొత్తవాటిని వెనక చక్రాలకే వేయాలి, ముందు చక్రాలు కారును లాగే బండ్లలో కూడా. చాలామంది దీన్ని నమ్మరు. ముందు టైర్లు జారితే కారు తిన్నగా పోతుంది, వేగం తగ్గించగానే చాలావరకు దారికి వస్తుంది. వెనక టైర్లు జారితే కారు గిర్రున తిరుగుతుంది, దాన్ని సరిదిద్దడం సామాన్య చోదకుడి చేతిలో ఉండదు. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే కార్లలో మాత్రం టైర్ల చుట్టుకొలతల్లో తేడా గేర్ల వ్యవస్థను దెబ్బతీయవచ్చు కాబట్టి, కారు కంపెనీ అనుమతించే హద్దు తెలుసుకున్నాకే రెండు మార్చాలి.

చీటీలను ఎలా చదవాలి

యూరోపియన్ చీటీ 2021 మేలో మారింది. ఇప్పుడు ఇంధన పొదుపుకూ, తడి పట్టుకూ ‘ఏ’ నుంచి ‘ఇ’ దాకా ఐదు శ్రేణులు ఉన్నాయి. చప్పుడును డెసిబెల్స్‌లో చూపుతారు. నేనైతే ముందు తడి పట్టు గడి చూసి, అందులో ‘ఏ’ లేదా ‘బి’ ఉన్నవాటిని మాత్రమే మిగుల్చుకుని, తర్వాతే ఇంధనం గడి వైపు వెళతాను. ఈ చీటీలో ఆయుష్షు గురించి ఏమీ ఉండదు.

అమెరికా పద్ధతిలో సైడ్‌వాల్ మీదే మూడు గుర్తులు ఉంటాయి. ట్రెడ్ అరుగుదల సంఖ్య 400 ఉన్న టైరు, 200 ఉన్నదానికి రెట్టింపు కాలం రావాలని దాని భావం. కానీ ఆ సంఖ్యను తయారీదారులే నిర్ణయిస్తారు కనుక, ఒకే సంస్థ టైర్లను పోల్చడానికి అది ఉపయోగపడినంతగా, వేర్వేరు సంస్థల మధ్య ఉపయోగపడదు. పట్టుకు ఇచ్చే ‘ఏఏ’, ‘ఏ’, ‘బి’, ‘సి’ గుర్తులు తడి నేల మీద తిన్నగా ఆగడాన్నే కొలుస్తాయి, మలుపుల్లో పట్టును కొలవవు. ఈ రెండు పద్ధతులూ చెప్పనిది సగం అరిగాక ఏమవుతుందన్నది. దానికోసం స్వతంత్ర సంస్థలు చేసిన పరీక్షల ఫలితాలను మీ కొలత టైరుకు దగ్గరగా ఉన్నవి చూసి పోల్చుకోవాలి.

కొన్నాక చేయవలసినవి

మంచి టైరును గాలి సరిగా లేకుండా నడిపితే అది నాసిరకం టైరు అంత త్వరగానే పోతుంది. గాలి తగ్గితే అంచులు అరుగుతాయి, లోపల వేడి పుడుతుంది, ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. ఎక్కువైతే నడిమి భాగం అరుగుతుంది. నెలకు ఒకసారి, కారు కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక, చల్లని టైర్లలో గాలి చూడాలి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు చట్రం దగ్గరి చీటీలో రాసి ఉంటుంది. టైరు పక్కన ముద్రించిన అంకె ఆ టైరు భరించగల గరిష్ఠ పీడనం మాత్రమే, దాని ప్రకారం గాలి కొట్టించకూడదు.

చక్రాల అలైన్‌మెంట్ తప్పితే ఎంత మంచి టైరైనా ఒక వైపు కొన్ని వేల కిలోమీటర్లలోనే నున్నబడుతుంది. అందువల్ల కొత్త టైర్లు వేసిన రోజే అది సరిచేయించాలి. 8 నుంచి 10 వేల కి.మీ.కు ఒకసారి ముందువీ వెనకవీ మార్చి వేయిస్తే నాలుగూ సమానంగా అరుగుతాయి. అచ్చు నుంచి టైరును విడిపించడానికి పూసిన పదార్థం మొదట్లో ట్రెడ్ మీద కొంత మిగిలి ఉంటుంది, కాబట్టి తొలి రెండు మూడు వందల కిలోమీటర్లు, ముఖ్యంగా తడి రోడ్డు మీద, నెమ్మదిగా నడపాలి.

టైర్లు మార్చిన రోజున కిలోమీటర్ల అంకెనూ, నాలుగు టైర్ల గాడుల లోతునూ ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. లోతు కొలిచే చిన్న పరికరం పెద్ద ఖరీదు ఉండదు. టైర్లు ముందు వెనకలు మార్పించిన ప్రతిసారీ మళ్లీ కొలిచి రాయండి. మిల్లీమీటరుకు మీ రోడ్ల మీద, మీ కారు కింద, మీరు నడిపే తీరుతో ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో రెండేళ్లలో తేలిపోతుంది. తర్వాతిసారి టైర్లు కొనేటప్పుడు పైన నేను అనుకున్న అంకెల స్థానంలో మీ సొంత అంకెలు పెట్టుకుని లెక్క వేసుకోవచ్చు.